ఆంప్ మంచిదే, ఎర్త్ బాగోలేదు: సొంతంగా బిగించుకున్న ఒక కార్ స్టీరియో కేస్ స్టడీ

బండి చిన్న హ్యాచ్‌బ్యాక్, బ్యాటరీ 40 ఆంపియర్ అవర్లది. కంపెనీ స్టీరియో తీసేసి డబుల్ డిన్ (రెండు స్లాట్ల ఎత్తున్న) టచ్ స్క్రీన్ హెడ్ యూనిట్ పెట్టుకున్నాడు ఓనర్. ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేవి), డిక్కీలో పది అంగుళాల సబ్‌వూఫర్ ఉన్న సీల్డ్ బాక్స్, వెనక సీటు వీపుకి నాలుగు ఛానెళ్ల క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫైయర్, అంటే ఆంప్. ఆంప్‌లో రెండు ఛానెళ్లు ముందు స్పీకర్లకి ఇచ్చి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి (ఒకటిగా కలిపి) సబ్‌కి ఇచ్చాడు. అంతా తన చేత్తోనే బిగించుకున్నాడు. వస్తువుల ఎంపికలో వంక పెట్టాల్సింది పెద్దగా లేదు. డాష్‌బోర్డ్ ప్యానెళ్లు విరక్కుండా తీశాడు, డోర్ ప్యాడ్ క్లిప్పులు ఒక్కటి కూడా పోలేదు. ఓపికగా పని చేసే మనిషని చూడగానే తెలిసింది.

నా దగ్గరికి తెచ్చేసరికి ఫిర్యాదులు నాలుగు. ఇంజన్ ఆన్‌లో ఉంటే స్పీకర్లలో సన్నటి కూత వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ అది కూడా పైకి లేస్తోంది. రెండు రాత్రులు బండి తీయకపోతే సెల్ఫ్ తిరగట్లేదు. సౌండ్ బాగా పెంచితే బేస్ పడినప్పుడల్లా ఆంప్ ఆగి మళ్లీ వస్తోంది. నాలుగోది అతని మాటల్లోనే చెప్పాలి: "అన్నా, ఇన్ని పెట్టినా పాత కంపెనీ స్పీకర్లలో ఉన్న నిండుదనం కూడా రావట్లేదు."

ఆంప్ పోయిందేమో, మార్చేద్దామా అన్నది అతని ప్రశ్న. కొలవకుండా ఏదీ మార్చొద్దని చెప్పాను. నాలుగు ఫిర్యాదులు ఒకేసారి వచ్చినప్పుడు నాలుగు వస్తువులూ చెడిపోయి ఉండటం చాలా అరుదు. ఈ పనిలో నేను పదే పదే చూసేది ఒకటుంది. పాజిటివ్ వైరు గురించి అందరూ ఆలోచిస్తారు: ఎంత లావు, ఏ ఫ్యూజ్, ఎటునుంచి లాగాలి అని. వెళ్లిన కరెంటు బండి ఇనుప బాడీ గుండా మళ్లీ బ్యాటరీకి ఏ దారిన వస్తుందన్న ఆలోచన (అదే ఎర్త్) మాత్రం చివర్లో, దొరికిన బోల్ట్ కింద లగ్ (వైరు కొనకి వేసే లోహపు రింగు) పెట్టి బిగించడంతో అయిపోతుంది. ఈ బండిలో రెండు ఫిర్యాదులకి మూలం సరిగ్గా అక్కడే ఉంది.

ఫిర్యాదుల్లో లేని ఐదో సంగతి

బానెట్ ఎత్తగానే బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ కోసం చూశాను. లేదు. పాజిటివ్ టెర్మినల్ నుంచి ఎర్ర వైరు నేరుగా ఫైర్‌వాల్‌లోకి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడలోకి దూరింది. ఫ్యూజ్ హోల్డర్ డిక్కీలో, ఆంప్ పక్కన ఉంది. పోతే మార్చుకోవడానికి చేతికి అందుతుందని అక్కడ పెట్టాడట.

మెయిన్ ఫ్యూజ్ కాపాడాల్సింది వైరుని. ఆంప్ కోసం దాని ఒంటి మీదే వేరే ఫ్యూజులు ఉంటాయి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా దాదాపు ఐదు మీటర్ల వైరు ఇనుప బాడీని ఆనుకునే పోతుంది. దారిలో ఎక్కడైనా ఇన్సులేషన్ ఒరుసుకుపోయి తీగ బాడీకి తగిలిందంటే బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు పంపగలదు. ఆ కరెంటు తగిలిన చోటి నుంచే వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి డిక్కీలోని ఫ్యూజ్ దాకా రానే రాదు. వైరు ఎర్రగా కాలుతుంది, పైన ఉన్న కార్పెట్ అంటుకుంటుంది. అందుకే ఈ ఫ్యూజ్ బ్యాటరీకి 18 అంగుళాల లోపు, అంటే సుమారు 45 సెంటీమీటర్ల లోపు ఉండాలని ఈ పనిలో ఉన్నవాళ్లంతా పట్టుబడతారు. దగ్గరగా పెట్టగలిగితే ఇంకా మంచిది.

ఫైర్‌వాల్‌లో వైరు దూరిన రంధ్రానికి రబ్బర్ గ్రామెట్ (రేకు అంచు వైరుని కోయకుండా వేసే రింగు) లేదు. వైరుని రెండు అంగుళాలు బయటికి లాగి చూస్తే, రేకు అంచు తగిలే చోట ఎర్ర ఇన్సులేషన్ మీద గోటితో గీకినట్టు తెల్లటి గాడి పడి ఉంది. తీగ ఇంకా బయటపడలేదు. ఇంజన్ అదురుకి ఆ గాడి రోజూ కొంచెం కొంచెం లోతవుతోంది.

మిగతా నాలుగూ పక్కన పెట్టి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పించాను. ఎప్పుడైనా నెగటివే ముందు విప్పాలి. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగలగానే షార్ట్ అవుతుంది. డాష్‌బోర్డ్ విప్పే పని ఉన్నప్పుడు నెగటివ్ తీశాక కొన్ని నిమిషాలు ఆగాలి కూడా, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ కెపాసిటర్లలో చార్జ్ కొంతసేపు నిలిచి ఉంటుంది. పసుపు కప్లర్లు (వైర్లు కలిపే సాకెట్లు), పసుపు స్లీవ్‌లో ఉన్న వైర్లు కనిపిస్తే వాటి జోలికి పోకూడదు. వాటికి టెస్ట్ ల్యాంప్ అస్సలు పెట్టకూడదు.

రంధ్రానికి గ్రామెట్ వేసి, వైరుకి దళసరి స్లీవ్ తొడిగి, బ్యాటరీ దగ్గర తాత్కాలికంగా 30 ఆంపియర్ల ఫ్యూజ్ కలిపాకే పరీక్షల కోసం మళ్లీ పవర్ ఇచ్చాను.

కరెంటు పారుతున్నప్పుడు కొలవాలి

తను ముందే మల్టీమీటర్‌తో చూశానన్నాడు. ఆంప్ టెర్మినళ్ల దగ్గర 12.5 వోల్టులు వచ్చాయి, ఎర్త్‌కి బీప్ వచ్చింది, కాబట్టి వైరింగ్ ఓకే అనుకున్నాడు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కంటిన్యూయిటీ బీప్ కొన్ని పదుల ఓములున్నా మోగుతుంది. మనకి కావాల్సింది ఓములో వెయ్యో వంతుల లెక్క. ఎందుకంటే 30 ఆంపియర్లు పారే దారిలో 10 మిల్లీఓములు అడ్డం వచ్చినా 0.3 వోల్టు పోతుంది. ఇక కరెంటు పారనప్పుడు ఎంత చెడ్డ జాయింటైనా వోల్టేజ్‌ని పడగొట్టదు, అందుకే అతనికి 12.5 కనిపించింది.

ఇంజన్ స్టార్ట్ చేసి, 50 హెర్ట్జ్ టోన్ గట్టిగా పెట్టి కొలిచాం. బ్యాటరీ మీద 13.6 వోల్టులు. అదే సమయంలో ఆంప్ మీద 11.7. తర్వాత మీటర్ ప్రోబ్‌కి పొడవాటి వైరు కలిపి, ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ఆంప్ పాజిటివ్ మీద పెట్టాం: 0.8. అలాగే నెగటివ్ నుంచి నెగటివ్‌కి: 1.1. రెండూ కలిపితే పోయిన 1.9 సరిగ్గా లెక్కకి వచ్చింది. మీటర్‌ని మినిమమ్ మోడ్‌లో పెట్టి పాట వేస్తే బేస్ దెబ్బలకి ఆంప్ మీద వోల్టేజ్ 10 దగ్గరికి జారుతోంది. ఆంప్ తనని తాను కాపాడుకోవడానికి ఆగుతోంది, అంతే. పైగా ఇలాంటి ఆంపుల్లో పవర్ అనేది వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్ × వోల్టేజ్‌ని) బట్టి మారుతుంది. 13.6 బదులు 11.7 వస్తే నాలుగో వంతు పవర్ అక్కడే పోయినట్టు.

ఎర్త్ వైపు అంత నష్టం ఎందుకు? లగ్ వెనక సీట్ బెల్ట్ బోల్ట్ కింద ఉంది. బోల్ట్ తీసి చూస్తే లగ్ ఆనిన చోట బాడీ రంగు నిగనిగలాడుతూ అలాగే ఉంది. ఒక అంచున మాత్రం చిన్న ముక్క నల్లగా మాడింది. అంటే కరెంటు రేకులోకి దిగడానికి బోల్ట్ మరలే దారి, ఆ మరల మీదేమో కంపెనీ పూసిన లాకింగ్ జిగురు. అసలు సీట్ బెల్ట్ బోల్ట్‌ని ఈ పనికి వాడటమే ప్రమాదం. దాని కింద లగ్ పెడితే బిగింపు తేడా వస్తుంది, యాక్సిడెంట్‌లో మనిషిని ఆపాల్సింది ఆ బోల్టే. దాన్ని శుభ్రం చేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కి తిరిగి బిగించాం.

కొత్త ఎర్త్‌కి వెనక భాగంలో బాడీలో వెల్డ్ అయి ఉన్న దళసరి రేకు ఎంచుకున్నాం. డ్రిల్ పెట్టే ముందు బండి కిందికి వెళ్లి చూడటం తప్పనిసరి: పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపులు, వైరింగ్ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవాలి. లగ్ కన్నా కాస్త పెద్ద వృత్తం మేర రంగు, దాని కింది ప్రైమర్ కూడా పోయి తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకాం. ప్రైమర్ దగ్గర ఆగిపోయేవాళ్లని చూశాను, అది కూడా కరెంటుకి అడ్డమే. తర్వాత స్టార్ వాషర్, బోల్ట్, నట్. బిగించాక తుప్పు పట్టకుండా చుట్టూ పెయింట్. లోపల పెయింట్, బయట ఇనుము మిగిలిపోకుండా ఈ వరస తప్పకూడదు. ఎర్త్ వైరు పాజిటివ్ వైరంత లావుది, పొడవు అర మీటరు లోపే.

ఎర్త్ వైరుని కూడా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే లాగేస్తే పోలా అని అడిగాడు. ఈ మధ్య బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద కరెంట్ సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని అది లెక్క పెడుతుంది. మన వైరు దాన్ని దాటేసి టెర్మినల్ పోస్ట్ మీదికే వెళితే ఆ లెక్క తప్పుతుంది, చార్జింగ్ కూడా తప్పుతుంది. బాడీకి ఇస్తే ఈ గొడవ ఉండదు. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే కంపెనీ ఎర్త్ స్ట్రాప్ బోల్ట్‌ని మాత్రం విప్పి శుభ్రం చేశాం.

పాజిటివ్ వైపు 0.8 పోవడానికి కారణం వైరే. కిట్‌లో వచ్చిన 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) వైరు కొన కోసి బ్లేడుతో గీకితే పైన రాగి రంగు పోయి వెండి రంగు బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత. అసలు రాగిలో 8 గేజ్ మీటరుకి సుమారు 2 మిల్లీఓములు ఉంటుంది, ఐదు మీటర్లకి 10. పూత తీగలో అది ఒకటిన్నర రెట్లు పైనే. దానికి తోడు ఈ వైరులో ప్లాస్టిక్ లావు, తీగ సన్నం. అసలు రాగిలో 4 గేజ్ తీసుకుంటే మీటరుకి 0.8 మిల్లీఓము దగ్గర ఉంటుంది. ఎంత లావు కావాలన్నది లెక్క వేసుకోవచ్చు: ముందు రెండు ఛానెళ్లు 75 చొప్పున, సబ్‌కి 250, మొత్తం 400 ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే) వాట్లు. క్లాస్-డి సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి 500 వాట్లు కావాలి, 13.8 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లు. ఐదు మీటర్లకి 4 గేజ్ హాయిగా సరిపోతుంది. ఆంప్ మీది ఫ్యూజులు రెండు 25లు, కాబట్టి బ్యాటరీ దగ్గర 50 ఆంపియర్ల ఫ్యూజ్. లగ్గులని మామూలు ప్లయర్‌తో నొక్కకుండా హెక్స్ క్రింపర్‌తో నొక్కి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేశాం.

మళ్లీ అదే టోన్, అంతే సౌండ్. పాజిటివ్ వైపు 0.15, ఎర్త్ వైపు 0.04. ఆంప్ మీద 13.4. సౌండ్ ఎంత పెంచినా ఆంప్ ఆగలేదు.

కూత ఎక్కడి నుంచి

ఎర్త్ మార్చాక కూత తగ్గింది గానీ పోలేదు. అతనికి టెన్షన్ మొదలైంది. "అన్నా, ఎర్త్ మార్చేశాం కదా, ఇంకా వస్తోందేంటి? ఫిల్టర్ పెట్టేద్దామా?"

"ఆగు తమ్ముడూ, ఎక్కడ దూరుతోందో చూద్దాం. ఫిల్టర్ సంగతి తర్వాత."

ఈ కూత ఆల్టర్నేటర్‌ది, అంటే ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేదానిది. మామూలు త్రీ-ఫేజ్ ఆల్టర్నేటర్‌లో 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉంటే ఒక్కో చుట్టుకి చార్జింగ్ వోల్టేజ్‌లో 36 చిన్న అలలు లేస్తాయి. ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు పుల్లీ నిష్పత్తి వల్ల ఆల్టర్నేటర్ సుమారు 2000 తిరుగుతుంది. అంటే సెకనుకి దాదాపు 1200 అలలు. అది చెవికి స్పష్టంగా వినపడే శబ్దం, ఇంజన్ వేగంతో పాటే పెరుగుతుంది. సబ్‌వూఫర్‌లో రావట్లేదు కాబట్టి ఆ ఛానెళ్లు బాగున్నాయని అతను అనుకున్నాడు. సబ్‌కి 80 హెర్ట్జ్ పైన అంతా కోసేసే ఫిల్టర్ ఉంది, 1200 హెర్ట్జ్ కూత అక్కడ ఉన్నా వినపడదు.

ముందు ఆంప్ ఆఫ్ చేసి, ఆర్‌సీఏ కేబుళ్లు (హెడ్ యూనిట్ నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేవి) తీసి, ఇన్‌పుట్లలో షార్టింగ్ ప్లగ్గులు పెట్టాం. మధ్య పిన్నునీ బయటి రింగునీ కలిపేసిన ఆర్‌సీఏ ప్లగ్గులే అవి, ఇంట్లో చేసుకోవచ్చు. ఇంజన్ స్టార్ట్ చేస్తే నిశ్శబ్దం. అంటే ఆంప్, దాని పవర్, దాని ఎర్త్ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత లోపల వేసిన ఆర్‌సీఏ కేబుల్‌ని ఆంప్‌కి పెట్టి, దాని ముందు కొనని హెడ్ యూనిట్ నుంచి తీసి ఒక ఫోన్‌కి ఇచ్చాం, ఫోన్‌కి చార్జర్ పెట్టకుండా. పాట వచ్చింది, కూత రాలేదు. కేబుల్, అది వెళ్లిన దారి కూడా బాగున్నాయి. నిజానికి పవర్ వైరు ఒక వైపు, ఆర్‌సీఏ ఇంకో వైపు వేసి ఆ పని అతను ముందే సరిగ్గా చేశాడు. మిగిలింది హెడ్ యూనిట్.

కేబుల్ మళ్లీ యూనిట్‌కి పెట్టగానే కూత. అప్పుడొక చిన్న వైరు తీసుకుని ఒక కొన ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగుకి, రెండో కొన యూనిట్ ఇనుప ఒంటికి తాకించాను. కూత టక్కున ఆగింది. తీస్తే వచ్చింది, తాకిస్తే ఆగింది. యూనిట్ బయటికి తీసి కొలిస్తే, ఆర్‌సీఏ రింగుకీ ఒంటికీ మధ్య దాదాపు సున్నా ఓములు ఉండాల్సిన చోట మీటర్ ఓపెన్ చూపించింది.

ఈ రింగు యూనిట్ లోపల ఎర్త్‌కి ఒక సన్నటి దారిలో కలుస్తుంది, చాలా యూనిట్లలో అక్కడ నువ్వుగింజంత ఫ్యూజ్ ఉంటుంది. మిల్లీఆంపియర్ల సిగ్నల్ కోసం వేసిన దారి అది. ఆంప్ ఎర్త్ సరిగా లేకపోతే పెద్ద కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్‌ని (రింగుకి కలిసే బయటి తీగని) పట్టుకుంటుంది, ఆ సన్నటి ఫ్యూజ్ కాలిపోతుంది. ఈ మాట చెబుతుంటే అతనికి గుర్తొచ్చింది: ఒకసారి సీటు సర్దడానికి ఆ బెల్ట్ బోల్ట్ వదులు చేశాడట, అప్పుడు పాట మోగుతూనే ఉందట. కూత మొదలైంది ఆ తర్వాతే.

బోర్డ్ రిపేర్ చేసేవాళ్ల చేత భూతద్దం కింద ఆ ఫ్యూజ్ మార్పించాం. కూత పూర్తిగా పోయింది. అతను అడిగిన ఫిల్టర్, అంటే ఆర్‌సీఏ లైన్‌లో పెట్టే ఐసొలేటర్ వేసి ఉంటే కూత ఆ రోజే ఆగేది, నిజమే. కానీ అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కింది బేస్‌ని కొంత తినేస్తుంది, కాలిన ఎర్త్ దారి కాలినట్టే ఉండిపోతుంది. అందుకే దాన్ని చివరి దారిగానే చూస్తాను. ఇక్కడి నుంచి అతను పాటించే పద్ధతి ఇది: ఆంప్‌కి ఎర్త్ అన్నిటికన్నా ముందు కలపాలి, అన్నిటికన్నా చివర విప్పాలి. మెయిన్ ఫ్యూజ్ తీయకుండా ఆర్‌సీఏ కేబుల్ లాగకూడదు.

రెండు రాత్రులకే బ్యాటరీ డౌన్

దీనికి సగం సమాధానం చీకట్లోనే దొరికింది. కీ తీసేసి, డోర్లు వేసి, చాలాసేపు ఆగాక వెనక సీటు వీపు వంచి చూస్తే ఆంప్ లైటు నీలంగా వెలుగుతూనే ఉంది.

అయినా కొలిచాం. బ్యాటరీ నెగటివ్‌కీ టెర్మినల్ క్లాంప్‌కీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టాలి. ఆ పని చేసేటప్పుడు కనెక్షన్ తెగకుండా ముందు ఒక జంపర్ వైరు పెట్టి ఉంచితే కంట్రోల్ యూనిట్లు మళ్లీ మేల్కోవు. డోర్ తెరిచి ఉంచాల్సి వస్తే లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి తిప్పాలి. బండిలోని మాడ్యూళ్లు నిద్రలోకి పోవడానికి అరగంట దాకా పట్టొచ్చు, అప్పటిదాకా వచ్చే అంకెని పట్టించుకోవద్దు. మామూలు బండిలో ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఇక్కడ 1.1 ఆంపియర్లు. ఒక రాత్రికి 13 ఆంపియర్ అవర్లు పోతాయి, 40లో మిగిలినదానితో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. మధ్యలో ఒక పగలు కలిసి రెండు రాత్రులైతే బ్యాటరీలో ఏమీ మిగలదు.

కారణం ఇది. యూనిట్ వెనక పసుపు వైరు డైరెక్ట్ సప్లై, ఎరుపు కీ సప్లై, నలుపు ఎర్త్. ఈ బండి కంపెనీ కప్లర్‌లో కీ సప్లై వైరే లేదు. కీ తిప్పిన సంగతి పాత స్టీరియోకి క్యాన్ బస్ అనే రెండు సన్న వైర్ల మీద డేటాగా వచ్చేది. అతను ఎంత వెతికినా దొరక్క ఎరుపుని పసుపుతో కలిపేశాడు. బటన్ నొక్కితే స్క్రీన్ నల్లబడుతోంది కాబట్టి యూనిట్ ఆగిందనుకున్నాడు. నిజానికి లోపల అది నడుస్తూనే ఉంది, రిమోట్ వైరు (ఆంప్‌ని ఆన్ చేయమని చెప్పే వైరు) ద్వారా ఆంప్‌ని కూడా ఆన్‌లోనే ఉంచుతోంది.

రెండు దారులున్నాయి. ఫ్యూజ్ బాక్స్‌లో కీ వేస్తేనే పని చేసే సాకెట్ లాంటి ఫ్యూజ్ దగ్గర ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ సాకెట్ నుంచి ఇంకో లైన్ తీసే క్లిప్) పెట్టి ఎరుపుకి ఇవ్వొచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ ఈసీయూ ఫ్యూజుల నుంచి మాత్రం ఎప్పుడూ తీసుకోకూడదు. లేదా క్యాన్ డేటాని చదివి కీ సప్లై తయారుచేసి ఇచ్చే అడాప్టర్ పెట్టొచ్చు. స్టీరింగ్ బటన్లు కూడా తిరిగి వస్తాయని రెండోదే ఎంచుకున్నాం. కంపెనీ వైరింగ్ కోయకుండా కప్లర్‌కి కప్లర్ పెట్టడం ఇందులో ఇంకో లాభం. ఇంతకుముందు అతను మెలిపెట్టి టేప్ చుట్టిన జాయింట్లన్నీ తీసేశాం, డాష్‌బోర్డ్ వేడికి అప్పటికే టేప్ జిగురు కారి చేతికి అంటుకుంటోంది. మాడ్యూళ్లు నిద్రపోయాక మళ్లీ కొలిస్తే 22 మిల్లీఆంపియర్లు.

ఎఫ్ఎం కూడా సరిగా రావట్లేదని ఇక్కడ మాటల్లో చెప్పాడు. రూఫ్ యాంటెన్నాలో బూస్టర్ ఉంది, దానికి 12 వోల్టులు అందట్లేదు. యూనిట్ వెనక ఉత్త నీలం వైరు యాంటెన్నాకి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్ రిమోట్‌కి. నీలం వైరు కలపగానే స్టేషన్లు వచ్చేశాయి. ఈ రెంటినీ తారుమారు చేస్తే కొన్ని యూనిట్లలో రేడియో నుంచి బ్లూటూత్‌కి మారగానే ఆంప్ ఆగిపోతుంది.

నిండుదనం డోర్‌లో ఉంటుంది

బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పి విన్నాం, బేస్ ఉంది. పూర్తిగా కుడికి తిప్పాం, ఉంది. మధ్యలోకి తెస్తే మాయమైంది, పాడేవాళ్ల గొంతు కూడా ఎటునుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయింది. ఇలా జరిగిందంటే ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తిరగబడ్డట్టే. ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఆంప్ నుంచి వైర్లు విప్పి, వూఫర్‌కి ఒకటిన్నర వోల్టు సెల్ క్షణం పాటు తాకిస్తే సంగతి కంటికే కనిపిస్తుంది: సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ (స్పీకర్‌లో కదిలే గిన్నె లాంటి భాగం) బయటికి కదలాలి. ఎడమ డోర్‌లో లోపలికి పోయింది. గీత ఉన్న వైరు మైనస్ అనుకుని కలిపాడు. యూనిట్ హార్నెస్‌లో (దానితో వచ్చిన వైర్ల కట్టలో) ఆ లెక్క నిజమే, తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతల్లో నల్ల గీత ఉన్నదే మైనస్. కంపెనీ డోర్ వైరింగ్‌కి ఆ నియమం వర్తించదు, అక్కడ సెల్‌తో చూసుకోవాల్సిందే. స్పీకర్ మైనస్ కదా అని బాడీకి ఎర్త్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఈ కాలం యూనిట్లలో స్పీకర్ రెండు వైర్ల మీదా కరెంటు నడుస్తుంది, ఒకదాన్ని ఎర్త్ చేస్తే అవుట్‌పుట్ ఐసీ పోతుంది.

వైర్లు సరిచేయగానే బేస్ వచ్చింది, కానీ పలచగా ఉంది. డోర్ ప్యాడ్ విప్పితే తెలిసింది. లోపలి రేకులో అరచేయి పట్టేంత రంధ్రాలు, వాటి మీద పలచటి ప్లాస్టిక్ షీట్. కోన్ ముందుకి తోసిన గాలికీ, వెనక వదిలిన గాలికీ మధ్య అడ్డం ఆ షీటే. 80 హెర్ట్జ్ శబ్దం అల పొడవు నాలుగు మీటర్ల పైన ఉంటుంది. అంత పొడవాటి అలకి ముందూ వెనకా ఈ రంధ్రాల గుండా కలవడం సమస్యే కాదు, కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా ఈ రంధ్రాలు మూయకపోతే కింది స్వరాలు రావు. నా దృష్టిలో ఈ పనిలో పెట్టిన శ్రమకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

బయటి రేకు లోపలి వైపు దుమ్ము, నూనె పోయేలా తుడిచి, మధ్యలో బ్యూటైల్ షీట్ (అదురు తగ్గించే జిగురు రబ్బర్ షీట్) అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కాం. రేకు మొత్తం కప్పక్కర్లేదు, మోగే మధ్య భాగంలో పావు వంతు కప్పినా తట్టినప్పుడు వచ్చే డబ్బా మోత పోతుంది. లోపలి రంధ్రాలకి పలచటి అల్యూమినియం రేకు ముక్కలు కోసి పెట్టి, వాటి మీద బ్యూటైల్. లాక్ రాడ్లు, అద్దం మోటార్ కదిలే చోట్లు వదిలాం. డోర్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూయకూడదు. వాన నీరు అద్దం పక్కనుంచి డోర్ లోపలికి రోజూ దిగుతూనే ఉంటుంది, ఆ రంధ్రాలే దానికి దారి. అతను స్పీకర్ కింద పెట్టిన ఎండీఎఫ్ (చెక్క పొడితో చేసిన పలక) స్పేసర్ అంచు అప్పటికే తేమకి ఉబ్బింది, దాని బదులు ప్లాస్టిక్ స్పేసర్ వేశాం. అద్దం పూర్తిగా దించి స్పీకర్ మాగ్నెట్‌కి తగలట్లేదని చూసి, స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు పెట్టి డోర్ ప్యాడ్ వేశాం. ఆ ఫోమ్ లేకపోతే సగం శబ్దం ప్యాడ్ వెనకే తిరుగుతుంది.

డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడే మారిపోయింది. పాట పెట్టాక అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బేస్ బూస్ట్ తనే ఆఫ్ చేశాడు.

గెయిన్

హెడ్ యూనిట్ డబ్బా మీద "50 × 4", అంటే నాలుగు ఛానెళ్లకి 50 వాట్ల చొప్పున, అని ఉండగా ఆంప్ ఎందుకని చాలామంది అడుగుతారు. 14.4 వోల్టుల సప్లైతో 4 ఓముల స్పీకర్‌కి ఏ నష్టం లేకుండా ఇవ్వగలిగినా వచ్చేది 26 వాట్లు. అసలుకి, శబ్దం చెడకుండా, 20 లోపు. యూనిట్ వెనక ఉన్నది 10 ఆంపియర్ల ఫ్యూజ్, దాని గుండా 144 వాట్ల కన్నా ఎక్కువ ఎలాగూ నిలకడగా రావు.

గెయిన్ అనేది వాల్యూమ్ నాబ్ కాదు. యూనిట్ ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపోల్చేది. స్పీకర్లు విప్పేసి, యూనిట్ వాల్యూమ్ 40లో 30 దగ్గర పెట్టి, ఈక్వలైజర్ అంతా సున్నాకి తెచ్చి, ఆంప్ అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజ్ కొలిచాం. కావాల్సిన వోల్టేజ్ అంటే వాట్లనీ ఓములనీ గుణించి వర్గమూలం తీయడమే. ఆంప్ 75 ఇవ్వగలిగినా ముందు స్పీకర్లు 60 వాట్లవి కాబట్టి 60 × 4 = 240, వర్గమూలం 15.5 వోల్టులు. సబ్‌కి 250 × 4 = 1000, వర్గమూలం 31.6. ఇక్కడొక జాగ్రత్త: అందరూ 1000 హెర్ట్జ్ టోన్ వాడమంటారు, కానీ మామూలు మల్టీమీటర్లు చాలావరకు 400 హెర్ట్జ్ దాకానే ఏసీని సరిగ్గా చూపిస్తాయి. పైన తక్కువ చూపిస్తే మనం గెయిన్ ఎక్కువ పెట్టేస్తాం, స్పీకర్ కాలుతుంది. అందుకే ముందు ఛానెళ్లకి 200 హెర్ట్జ్, సబ్‌కి 50 హెర్ట్జ్ టోన్ వాడాం. తర్వాత ముందు స్పీకర్లకి 80 హెర్ట్జ్ హై పాస్ (దాని పైవే వెళ్లనిచ్చే ఫిల్టర్), సబ్‌కి 80 హెర్ట్జ్ లో పాస్ (దాని కిందివే వెళ్లనిచ్చేది).

కొన్ని వారాల తర్వాత బండి మళ్లీ వచ్చింది. ఈసారి ఫిర్యాదు డిక్కీ నంబర్ ప్లేట్ అదరడమే, వెనక ఫోమ్ పట్టీ పెట్టాం. వచ్చింది కదా అని వోల్టేజ్ డ్రాప్ మళ్లీ కొలిచాం. ఎర్త్ వైపు అదే 0.04. పాజిటివ్ వైపు 0.15 కాస్తా 0.22 అయింది. చూస్తే బ్యాటరీ దగ్గరి ఫ్యూజ్ హోల్డర్ స్క్రూ కొద్దిగా వదులైంది, మెత్తటి రాగి తీగ కింద సర్దుకునేకొద్దీ కొత్త బిగింపుల్లో ఇది జరుగుతుంది. బిగిస్తే 0.15కి వచ్చింది. ఆ కొలత ఎలా తీయాలో అతనికి చేత్తో చేయించి చూపించాను, ఇప్పుడు సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు తనే చూసుకుంటున్నాడు.